బీబాప్ కచేరీలో ఒకరికి ఊపు, మరొకరికి అయోమయం: తేడా ఎక్కడుంది?

1940లలో అమెరికాలో పుట్టిన బీబాప్ అనే జాజ్ శైలి వినిపించే చిన్న వేదిక. దాని మీద ఐదుగురు. ట్రంపెట్, ఆల్టో శాక్సోఫోన్, పియానో, డబుల్ బేస్, డ్రమ్స్. నాలుగు అంకెలు లెక్కపెట్టీ పెట్టకముందే పాట పరుగందుకుంటుంది. అర నిమిషం తిరక్కుండానే గదిలో జనం రెండుగా చీలిపోతారు. ముందు బల్ల దగ్గర ఒకాయన కళ్లు మూసుకుని తలాడిస్తుంటాడు. శాక్సోఫోన్ సోలో (ఒకరు అప్పటికప్పుడు అల్లుతూ వాయించే వంతు) మధ్యలో ఉన్నట్టుండి ఫక్కున నవ్వుతాడు. పక్క కుర్చీలో మనిషికి ఆ నవ్వు దేనికో అర్థం కాదు. అందరూ చప్పట్లు కొడితే తనూ కొడతాడు, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా.

ఈ తేడాను సాధారణంగా అభిరుచి ఖాతాలో వేసేస్తారు. 'కొందరికి నచ్చుతుంది, కొందరికి నచ్చదు' అని సరిపెట్టుకుంటారు. అది పూర్తి సమాధానం కాదు. నచ్చడం, నచ్చకపోవడం కన్నా ముందు జరిగే పని ఒకటుంది. చెవి ఆ శబ్దప్రవాహంలో పట్టుకోవడానికి ఒక కొమ్మ వెతుక్కుంటుంది. అది దొరికిందా లేదా అన్నదాన్ని బట్టే మిగతా స్పందన నడుస్తుంది.

క్లుప్తంగా

బీబాప్‌లో సోలో ఎంత స్వేచ్ఛగా వినిపించినా, దాని అడుగున సాధారణంగా తెలిసిన పాట తాలూకు చట్రం మారకుండా తిరుగుతుంటుంది. ఆ చట్రం చెవికి అందినవారికి ప్రతి మలుపూ ఒక కబురు, అందనివారికి అదంతా స్వరాల వాన. వేగం, డ్రమ్స్‌లో వచ్చిన మార్పు, నాట్యం తగ్గిపోయిన గదులు, రికార్డులు ఆలస్యంగా రావడం ఈ దూరాన్ని పెంచాయి. నేటి శ్రోతకు అదనంగా ఇంకో చిక్కుంది: ఆ పాత పాటలే తెలియవు.

నాట్యం నుంచి కుర్చీలోకి

1930లలో అమెరికాలో జాజ్ అంటే ప్రధానంగా నాట్యసంగీతం. పన్నెండు, పదిహేను మంది ఉండే బిగ్ బ్యాండ్లు పెద్ద పెద్ద బాల్‌రూముల్లో వాయించేవి. 1926లో న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్ లాంటి చోట్ల బ్యాండ్ గొప్పదనాన్ని తేల్చేది నేల మీది పాదాలే. జనం ఆడుతున్నారంటే బాగున్నట్టు, ఆగిపోయారంటే లేనట్టు. స్పందనను కొలవడానికి ఇంతకన్నా సూటి పద్ధతి ఉండదు.

1940 దాటాక కథ మారింది. హార్లెమ్‌లో 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్‌లో డ్రమ్మర్ కెన్నీ క్లార్క్, పియానిస్టు థెలోనియస్ మంక్ ఆస్థాన బృందంలో ఉండేవారు. ట్రంపెట్ పట్టుకుని డిజ్జీ గిలెస్పీ, గిటార్‌తో చార్లీ క్రిస్టియన్, తర్వాత శాక్సోఫోన్‌తో చార్లీ పార్కర్ వచ్చి కలిసేవారు. తమ తమ బ్యాండ్లలో పని ముగించుకుని వచ్చినవాళ్లు తెల్లవారేదాకా ఒకరితో ఒకరు పోటీపడి వాయించేవారు. సత్తా లేనివాళ్లను వేదిక దింపడానికి కావాలనే కష్టమైన శ్రుతులు, విపరీతమైన వేగాలు ఎంచుకునేవాళ్లమని ఆ తరంవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అంటే ఆ సంగీతానికి తొలి శ్రోతలు సంగీతకారులే. ఆడేవారి కోసం కాక, పక్కన నిలబడి వినే తోటి వాయిద్యకారుడి కోసం పుట్టిన భాష అది.

బయటి జనానికి ఈ భాష మెల్లగా అలవాటయ్యే అవకాశం కూడా చిక్కలేదు. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికన్ సంగీతకారుల సమాఖ్య సమ్మె చేసి రికార్డింగులు ఆపేసింది. పెద్ద కంపెనీల్లో రెండు 1944 నవంబరు దాకా రాజీకి రాలేదు. బీబాప్ రూపుదిద్దుకున్నది సరిగ్గా ఆ రెండేళ్లలోనే. 1945లో చిన్న కంపెనీల రికార్డులు బయటికొచ్చేసరికి, న్యూయార్క్ బయటి శ్రోతకు అది ఎక్కడా మధ్య మెట్లు లేని మేడలా కనిపించింది. సమ్మె లేకపోయినా పెద్ద కంపెనీలు ఈ కొత్తదనాన్ని ఎగబడి రికార్డు చేసేవా అన్నది అనుమానమే, అది వేరే సంగతి.

పన్ను కూడా తన వంతు చేసింది. 1944లో అమెరికా ప్రభుత్వం నాట్యం, గానం ఉండే క్లబ్బుల బిల్లుల మీద 30 శాతం పన్ను వేసింది, కొద్దికాలానికే దాన్ని 20కి దించింది. వాద్యసంగీతం మాత్రమే ఉండి, ఎవరూ ఆడని చోటుకు ఆ పన్ను లేదు. క్లబ్బు యజమానికి లెక్క తేలిక: నాట్యానికి వదిలిన నేల మీద ఇంకో నాలుగు బల్లలు వేసుకోవచ్చు, పెద్ద బ్యాండ్ బదులు ఐదుగురితో సరిపెట్టుకోవచ్చు. న్యూయార్క్ 52వ వీధిలో పాత ఇళ్ల కింది అంతస్తుల్లో నడిచిన త్రీ డ్యూసెస్, ఓనిక్స్ లాంటి ఇరుకు క్లబ్బుల్లో నాట్యానికి ఎలాగూ చోటు లేదు. శరీరంతో స్పందించడం అలవాటైన శ్రోతను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక అతని చేతిలో మిగిలినవి తల, వేళ్లు, పాదం, చప్పట్లు.

అడుగున దాగిన పాట

బీబాప్ బృందం పాటను నడిపే పద్ధతి పైకి సరళమే. మొదట ట్రంపెట్, శాక్సోఫోన్ కలిసి బాణీ వాయిస్తాయి. తర్వాత ఒక్కొక్కరూ సోలో అందుకుంటారు. చివర మళ్లీ బాణీ. సోలోలు సాగుతున్నంతసేపూ పియానో, బేస్ అదే కార్డ్‌ల వరుసను (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) మళ్లీ మళ్లీ తిప్పుతుంటాయి. నాలుగేసి బీట్ల బార్లు ముప్ఫై రెండు పూర్తయితే సాధారణంగా ఒక ఆవర్తనం. అందులో ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలు. మూడోది వేరుగా ఉండి మిగతా మూడూ ఒకేలా ఉండటం ఎక్కువగా కనిపించే అమరిక.

అసలు కిటుకు ఆ కార్డ్‌ల వరుస ఎక్కడిదన్న దగ్గర ఉంది. చాలాసార్లు అది అప్పటికే జనం నోళ్లలో నానుతున్న పాటది. జార్జ్ గెర్ష్విన్ 1930లో కట్టిన 'ఐ గాట్ రిథమ్' కార్డ్‌ల మీద 'యాంత్రోపాలజీ' వచ్చింది. 'హౌ హై ద మూన్' మీద 'ఆర్నిథాలజీ' వచ్చింది. ఇంటి పునాది పాతదే, పైన గోడలన్నీ కొత్తవి. ఇందులో కళతోపాటు డబ్బు లెక్కా ఉంది: కాపీరైటు బాణీకి వర్తిస్తుంది కానీ కార్డ్‌ల వరుసకు వర్తించదు. కొత్త బాణీ పెడితే రాయల్టీ పాత రచయితకు పోదు.

1945 నవంబరు 26న పార్కర్ రికార్డు చేసిన 'కో-కో' దీనికి చెప్పుకోదగ్గ ఉదాహరణ. దాని అడుగున ఉన్నది రే నోబుల్ పాట 'చెరోకీ' కార్డ్‌లు. మొదటి ప్రయత్నంలో, ఉపోద్ఘాతం అయ్యాక 'చెరోకీ' బాణీ ఎత్తుకోగానే ఆపేసిన వైనం ఇప్పటికీ ఆ రికార్డింగుల్లో వినిపిస్తుంది. విడుదలైన ప్రయత్నంలో ఆ బాణీ ఊసే లేదు. ట్రంపెట్, శాక్సోఫోన్, డ్రమ్స్ మాత్రమే ఉన్న ఒక వింత ఉపోద్ఘాతం, వెంటనే పార్కర్ సోలో. ఉపోద్ఘాతంలో కార్డ్‌లు వాయించేవారు లేరు, అంటే శ్రోత కాలు మోపడానికి నేలే లేదు. సోలో మొదలయ్యాక నేల వస్తుంది కానీ, అది ఫలానా పాట అని చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు.

ఇక్కడే శ్రోతలు విడిపోతారు. 'చెరోకీ' బిగ్ బ్యాండ్ రోజుల్లో మారుమోగిన పాట. అది గుర్తుపట్టిన శ్రోత మనసులో పాత బాణీ సన్నగా మోగుతూనే ఉంటుంది; పార్కర్ దాన్ని ఎక్కడ తప్పించాడో, ఎక్కడ ఆనుకున్నాడో, ఏ మలుపులో అరబీటు ముందే దూకాడో తెలుస్తుంది. ముందు బల్ల ఆసామి నవ్వుకు ఒక కారణం ఇది. ఇంకో కారణం కూడా ఉండొచ్చు: పార్కర్‌కూ గిలెస్పీకీ సోలో మధ్యలో ఏ సంబంధమూ లేని పాట నుంచి ఒక ముక్క తెచ్చి అతికించే అలవాటుండేది. ఆ ముక్క గుర్తుపట్టినవాడు నవ్వుతాడు. గుర్తుపట్టనివాడికి అదీ ఇంకో పది స్వరాలే.

సంగీతంలో భావోద్వేగం ఎదురుచూపు నుంచి పుడుతుందని సంగీత సిద్ధాంతకారుడు లియొనార్డ్ మేయర్ 1956లో ప్రతిపాదించాడు. ఎదురుచూసినది రావడం, ఆలస్యం కావడం, పక్కకు తప్పుకోవడం, వీటిలోనే రసమంతా ఉందని ఆయన వాదన. బీబాప్‌కు ఇది చక్కగా సరిపోతుంది. ఏం రావాలో తెలిసినవాడికే అది రాకపోవడం వార్త.

కాలు పట్టలేని వేగం

'కో-కో' వేగం నిమిషానికి సుమారు 300 బీట్లు. బీటుకు రెండు స్వరాల చొప్పున వాయిస్తే సెకనుకు పది స్వరాలు. ముప్ఫై రెండు బార్ల పాటలో ఆవర్తనానికి 128 బీట్లు ఉంటాయి. నిమిషానికి 120 బీట్ల నాట్యపు వేగంలో అది 64 సెకన్లు సాగుతుంది. 300 వేగంలో 26 సెకన్లు కూడా పట్టదు. కొత్త శ్రోత 'ఇది మొదటి భాగమా, మూడోదా' అని తేల్చుకునేలోపు చట్రం ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికొచ్చేస్తుంది.

పాదం సంగతి ఇంకా ఆసక్తికరం. ఎవరూ చెప్పకుండా మనిషి తనంతట తాను వేలితోనో కాలితోనో తాళం వేస్తే, అది నిమిషానికి 100 నుంచి 120 మధ్య ఉండటం సాధారణం. 300 బీట్లలో ప్రతిదాన్నీ పట్టుకోబోతే రెండు నిమిషాల్లో కాలు పట్టేస్తుంది, పట్టు తప్పుతుంది, దాంతోపాటు ఆసక్తీ జారిపోతుంది. అనుభవం ఉన్న శ్రోతను గమనిస్తే అతను ఆ పని చేయడు. డ్రమ్మర్ ఎడమ కాలితో కంచు పళ్లాల జంట అయిన హై-హ్యాట్‌ను మూసే రెండో బీటు, నాలుగో బీటు మాత్రమే పట్టుకుంటాడు. అంటే నిమిషానికి 150. మరీ నిదానస్తుడైతే బారుకు ఒక్కటే, 75. వేదిక మీద తుఫాను వీస్తుంటే ఈయన చేతివేలు తీరిగ్గా ఆడుతుండటానికి కారణం ఇదే. ఒకే సంగీతం ఒకరికి పరుగులా, మరొకరికి నడకలా అందుతోంది. బీబాప్ 'అర్థమైన' క్షణం అని చాలామంది చెప్పేది ఈ గేరు మారిన క్షణమే కావచ్చు.

డ్రమ్స్ వాయించే తీరు మారడం కూడా చిన్న విషయం కాదు. స్వింగ్ (బిగ్ బ్యాండ్ల నాట్యసంగీతం) రోజుల్లో బేస్ డ్రమ్ ప్రతి బీటునూ ధమ్ ధమ్మని చెప్పేది. ఆ లోతైన శబ్దం చెవికన్నా ముందు కడుపుకు తెలుస్తుంది. కెన్నీ క్లార్క్ కాలం లెక్కను పైనున్న రైడ్ సింబల్ అనే కంచు పళ్లెం మీదికి మార్చాడు. బేస్ డ్రమ్‌ను అనుకోని చోట్ల ఒక్కసారిగా మోగించే సాధనంగా వాడాడు. యుద్ధకాలం కాబట్టి ఆ దెబ్బలకు 'బాంబులు' అన్న పేరొచ్చింది. కాలానికి కాపలా కాసే శబ్దం మొద్దు నుంచి సన్నానికి, నేల నుంచి గాలికి మారింది. కడుపుతో వినే అలవాటున్నవాడికి ఆ బాంబులు తాళం తప్పడంలా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. చెప్పుకోవాల్సిన ఇంకో మార్పు: మామూలు వేగంలో జాజ్ స్వరాల జంటలో మొదటిది పొడవు, రెండోది పొట్టి, వేగం పెరిగేకొద్దీ ఆ రెండూ సమానమవుతూ పోతాయి. ఊపుకు మూలమైన ఆ కుంటి నడకే చదునైపోతుంది.

కర్ణాటక సంగీతపు శ్రోత చేత్తో తాళం వేసుకుంటూ ఆవర్తనాన్ని కళ్లెదుటే నిలుపుకోగలడు. ఇక్కడ ఆ చట్రాన్ని ఎవరూ బయటికి చూపించరు. వినేవాడే లోపల కట్టుకోవాలి.

చప్పట్లు ఎవరికి, ఎప్పుడు

సోలో ముగిసిన ప్రతిసారీ చప్పట్లు కొట్టడం జాజ్ క్లబ్బుల ఆచారం. శాస్త్రీయ సంగీతపు హాళ్లలో పడమటి శ్రోత చివరిదాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటాడు. ఇక్కడ మధ్యలోనే ఉత్తరానికి జవాబు పంపొచ్చు. దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. లాభం: చట్రం తెలియనివాడికి చప్పట్లే మైలురాళ్లు. నష్టం: తర్వాతి సోలోలో మొదటి నాలుగైదు బార్లు ఆ హోరులో కలిసిపోతాయి. అందుకే తర్వాత అందుకునేవాళ్లు తరచు చిన్న చిన్న పలుకులతో, ఖాళీలతో మొదలుపెడతారు.

నాలుగు బార్లు ఒకరు, నాలుగు బార్లు డ్రమ్మర్ చొప్పున సాగే సవాల్-జవాబు దగ్గర గది మొత్తం ఒక్కటవుతుంది. 300 వేగంలో ఒక్కొక్కరి వంతు మూడు సెకన్ల పైచిలుకు మాత్రమే. చట్రం తెలియకపోయినా 'ఇప్పుడు వీడు, ఇప్పుడు వాడు' అన్నది కంటికి కనిపిస్తుంది. సంభాషణను అర్థం చేసుకోవడానికి భాష రానక్కర్లేదు కదా.

దీనికి సరిగ్గా వ్యతిరేకం బేస్ సోలో. అది మొదలవగానే గ్లాసులు చప్పుడవుతాయి, గుసగుసలు లేస్తాయి. బేస్ సోలో అంటే కబుర్లకు వేళ అని సంగీతకారులే జోకులు వేసుకుంటారు. దీన్ని మర్యాద లోపంగా చూడటం తేలిక, కానీ కారణం ఎక్కువగా శబ్దంలోనే ఉంది. వాద్యం స్థాయి తక్కువ, మంద్రస్వరాలు ఒకదాన్నుంచి ఒకటి విడిగా వినిపించవు. పైగా అంతసేపూ నేలగా ఉన్నది బేసే. అది పాడటానికి లేచినప్పుడు నేల ఖాళీ అవుతుంది, పియానో కూడా గొంతు తగ్గిస్తుంది. అప్పటిదాకా అరకొరగా పట్టు దొరికినవాడు దాన్ని పోగొట్టుకునేది ఇక్కడే.

బేసిస్టు చార్లెస్ మింగస్ ఈ బాధను ఊరికే మింగిన మనిషి కాదు. 1960లో ఒక స్టూడియో రికార్డింగులో, ఎదురుగా శ్రోతలు ఒక్కరూ లేకపోయినా, క్లబ్బులో మాట్లాడుతున్నట్టే ఊహాజనసమూహాన్ని హెచ్చరించాడు: చప్పట్లు వద్దు, గ్లాసుల్లో ఐసు కదిలించొద్దు, గల్లాపెట్టె మోగించొద్దు అని. సందడి లేని గది ఆయనకు స్టూడియోలోనే దొరికింది.

రెండు రాత్రులు

1945 డిసెంబరులో గిలెస్పీ తన బృందంతో హాలీవుడ్‌లోని బిల్లీ బర్గ్స్ క్లబ్బుకు వెళ్లాడు. పార్కర్, వైబ్రాఫోన్ మీద మిల్ట్ జాక్సన్, బేస్ మీద రే బ్రౌన్ ఉన్న బృందం అది. అక్కడి యువ సంగీతకారులు ఎగబడి విన్నారు. మామూలు జనం మాత్రం బిత్తరపోయారు. అదే వేదిక మీద స్లిమ్ గెయిలార్డ్ అనే హాస్యగాయకుడూ ఉండేవాడు. అర్థంలేని పదాలతో సరదాగా పాడే అతని పాటలు అదే జనానికి ఇట్టే ఎక్కాయి. కాబట్టి కొత్తదనం మీద విముఖత అనలేం. గెయిలార్డ్ పాటలో పట్టుకోవడానికి ఒక మాట ఉంది, బీబాప్‌లో అది లేదు. గుర్తుండే బాణీ లేదు, ఆడటానికి బీటు లేదు అని 1948లో పాతతరం ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్న మాటను పాతతరం కోపంగా కొట్టిపారేస్తారు గానీ, శ్రోతకు అందని రెండు పట్టులేమిటో ఆయన కచ్చితంగానే చెప్పాడు.

రెండోది 1953 మే 15, టొరంటోలోని మాసీ హాల్. పార్కర్, గిలెస్పీ, పియానో మీద బడ్ పవెల్, మింగస్, డ్రమ్స్ మీద మ్యాక్స్ రోచ్. ఇంతటివాళ్లున్నా హాలు నిండలేదు. అదే రాత్రి షికాగోలో రాకీ మార్సియానో, జెర్సీ జో వాల్కాట్‌ల హెవీవెయిట్ బాక్సింగ్ పోటీ ఉంది. విరామంలో గిలెస్పీ స్వయంగా దాని ఫలితం కోసం వీధి దాటాడని చెబుతారు. మొదటి రౌండులోనే మార్సియానో గెలిచేశాడు. పార్కర్ చేతిలో ఆ రాత్రి ఉన్నది ప్లాస్టిక్ శాక్సోఫోన్.

ఆ రికార్డింగులో 'సాల్ట్ పీనట్స్' దగ్గర హాలు వెలిగిపోతుంది. వేగం భయంకరం, సోలోలు కఠినం. అయినా అందులో గిలెస్పీ మధ్యమధ్య కేకేసే రెండే రెండు మాటలున్నాయి, స్వరం కింది నుంచి పైస్థాయికి ఎగిరి దిగే చిన్న విన్యాసంతో. ఎంత కొత్త శ్రోతకైనా అది చేతికి దొరికే పిడి. అది మళ్లీ ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఎదురుచూపు అలవాటవుతుంది, ఆ ఎదురుచూపుతోనే మిగతాదీ లోపలికి వస్తుంది. ఇక బేస్ మాటకొస్తే, టేపు మీద అది సరిగా వినపడకపోవడంతో, విడుదలకు ముందు మింగస్ తన వంతును స్టూడియోలో మళ్లీ వాయించి కలిపాడు.

ఇవాళ వినేవారి చిక్కు

1945లో క్లబ్బుకొచ్చిన అమెరికన్ శ్రోతకు బీబాప్ కొత్త, దాని అడుగున ఉన్న పాట పాత. ఇవాళ్టి శ్రోతకు రెండూ కొత్తే. 'ఐ గాట్ రిథమ్' వినని తరం 'యాంత్రోపాలజీ'ని నేరుగా వింటోంది. సగం వినోదం ఆ రెంటి మధ్య ఎడంలో ఉంటుంది కాబట్టి, ఆ సగం పోయినట్టే. మరోవైపు నష్టం పూడ్చే మార్గమూ వచ్చింది. అప్పటి, నిమిషానికి 78 సార్లు తిరిగే డిస్కులో ఒక వైపుకు మూడు నిమిషాలే పట్టేది, విన్నవాడికి క్లబ్బులో పది నిమిషాలు సాగే అసలు వ్యవహారం తెలిసేది కాదు. ఇప్పుడు పాత పాటనూ, దాని మీద కట్టిన కొత్త బాణీనీ, పది మంది చేసిన పది సోలోలనూ ఒక సాయంత్రంలో వరసగా వినొచ్చు. ఊరికే పదేపదే ఎదురుపడటం వల్లే ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించాడు. మరీ సరళమైనది విసుగు, మరీ జటిలమైనది చికాకు, ఇష్టం ఆ రెంటి నడుమ అన్నది మరో మనస్తత్వవేత్త డేనియల్ బెర్లైన్ సిద్ధాంతం. వినేకొద్దీ ఆ నడిమి చోటు జటిలత వైపు జరుగుతుంది.

ఆడటానికి పనికిరాదన్న తీర్పు కూడా శాశ్వతం కాలేదు. 1980లలో లండన్ క్లబ్బుల్లో కుర్రకారు వేగమైన బాప్ రికార్డులకు నాట్యం కట్టారు. సంగీతం మారలేదు, గదిలో బల్లలు తీసేశారంతే.

శ్రోత స్పందనకు అన్నిటికన్నా వింత సాక్ష్యం డీన్ బెనెడెట్టి వదిలివెళ్లింది. స్వయంగా శాక్సోఫోన్ వాద్యకారుడైన అతను 1947లో లాస్ ఏంజెలెస్‌లో, 1948లో న్యూయార్క్‌లో పార్కర్ వాయించిన క్లబ్బులకు రికార్డింగు యంత్రం మోసుకెళ్లాడు. పార్కర్ సోలో ఎత్తుకోగానే యంత్రం ఆన్, ముగియగానే ఆఫ్. డిస్కులు, టేపు ఖరీదు; అతనికి కావలసిందీ అదొక్కటే. 1990లో ఆ రికార్డింగులు బయటికొచ్చాయి. పాట పేరు తెలియజేసే బాణీ చాలాచోట్ల లేదు, పక్కవాళ్ల సోలోలు లేవు. కార్డ్‌లను బట్టి అది ఏ పాటో వినేవారే పోల్చుకోవాలి, ముందు బల్ల ఆసామిలాగే.